చిన్న పిల్లల్లో వైరస్ వల్ల వచ్చే వాంతులు, విరేచనాలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పిల్లల ఓపీలో కూర్చునే నాలాంటి వైద్యులకు కొన్ని ప్రశ్నలు ఏడాది పొడవునా వినిపిస్తూనే ఉంటాయి, చలికాలం ముదిరే కొద్దీ రోజుకు పది సార్లు వినిపిస్తాయి. అడిగే తల్లి మారుతుంది గాని సందేహం మారదు. ఓపీ రద్దీలో రెండు నిమిషాల్లో చెప్పిన జవాబు ఇంటికి వెళ్లేసరికి సగం మరుపున పడుతుంది కాబట్టి, వాటిని జబ్బు దశల వారీగా ఇక్కడ రాసి పెట్టాను. మీకు ఏ దశలో సందేహం ఉంటే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## మొదటి రోజు

నిన్న రాత్రి నుంచి బాబు ఏం తాగినా కక్కేస్తున్నాడు, తెల్లారేసరికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఇది అజీర్తా, వైరస్సా?

ముందు వాంతులు, వాటితోపాటు కొద్దిగా జ్వరం, ఆ తర్వాత ఒక రోజులోపు నీళ్లలాంటి విరేచనాలు అనే వరుసలో వచ్చిందంటే, అయిదేళ్లలోపు పిల్లల్లో చాలావరకు అది వైరస్ వల్లనే. అజీర్తి అయితే ఒకటి రెండు వాంతులతో కడుపు తేలికపడి పిల్లవాడు మళ్లీ ఆటలో పడతాడు. మలంలో రక్తం, జిగట కనిపించి, కడుపులో మెలిపెట్టే నొప్పి ఉంటే మాత్రం షిగెల్లా వంటి బ్యాక్టీరియాను అనుమానించాలి, అప్పుడు ఇంట్లో వేచి చూడకుండా ఆ రోజే వైద్యునికి చూపించాలి.

డాక్టర్లందరూ "వైరల్" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. అసలు ఏ వైరస్సో చెప్పరా?

ఒక్కటి కాదు, ప్రధానంగా అయిదు రకాలున్నాయి. వాటిలో పసిపిల్లలను ఎక్కువగా ఆసుపత్రిపాలు చేసేది రోటావైరస్. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం, విరేచనాలతో చేరిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన చిన్న ముక్కను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి దీన్ని కనుగొంది. చూడటానికి బండి చక్రంలా ఉండటంతో, లాటిన్‌లో చక్రం అనే అర్థమిచ్చే "రోటా" పేరు దీనికి స్థిరపడింది. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో దీని ఉధృతి ఎక్కువగా ఉంటుంది. ఒంట్లో చేరిన రెండు రోజులకు బయటపడుతుంది, విరేచనాలు మూడు నుంచి ఎనిమిది రోజుల దాకా సాగవచ్చు.

రెండోది నోరోవైరస్. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, నార్వాక్ పట్టణంలో ఒక పాఠశాలను చుట్టుముట్టిన వాంతుల జబ్బులో సేకరించిన మల నమూనాల నుంచి 1972లో దీన్ని గుర్తించారు, పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. ఇది 12 నుంచి 48 గంటల్లోనే బయటపడి, హఠాత్తుగా వాంతులు చేయించి, ఒకటి నుంచి మూడు రోజుల్లో వెళ్లిపోతుంది. ఇంట్లో పిల్లలతో పాటు అమ్మమ్మ, నాన్న కూడా ఒకరి తర్వాత ఒకరు పడకేశారంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ఎడినోవైరస్‌లలో 40, 41 రకాలు పేగులను పట్టుకుంటాయి. వీటికి వాంతులు తక్కువే గాని, విరేచనాలు వారం దాటి లాగుతాయి. నక్షత్రం ఆకారంలో ఉండే ఆస్ట్రోవైరస్, జపాన్‌లోని సపోరో నగరం పేరు పెట్టుకున్న సాపోవైరస్ సాధారణంగా నెమ్మదైనవి. ఏ వైరస్ అయినా ఇంట్లో చేయవలసిన పని ఒక్కటే కాబట్టి వైద్యులు పేరు దగ్గర ఆగరు.

అయితే ఏ వైరస్సో తేల్చుకోవడానికి మలపరీక్ష చేయించాలా?

మామూలు నీళ్ల విరేచనాలకు అవసరం లేదు. ఖర్చు పెట్టి పరీక్ష చేయించినా వైద్యం మారదు. మలంలో రక్తం ఉన్నప్పుడు, విరేచనాలు 14 రోజులు దాటినప్పుడు, బిడ్డకు రోగనిరోధక శక్తికి సంబంధించిన వేరే జబ్బు ఉన్నప్పుడు వైద్యులే రాస్తారు.

పళ్లు వస్తున్నాయి, అందుకే విరేచనాలు అవుతున్నాయని మా అత్తయ్య అంటున్నారు. దిష్టి కూడా తీశాం. నిజమేనా?

పళ్లు వచ్చే ఈడూ, రోటావైరస్ ఎక్కువగా సోకే ఈడూ ఒకటే కావడం వల్ల ఈ నమ్మకం పుట్టింది. ఆరు నెలలు దాటిన బిడ్డ పాకుతాడు, చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు, అమ్మ నుంచి వచ్చిన రక్షణ అప్పటికి తగ్గిపోతూ ఉంటుంది. చిగుళ్లు దురద పెట్టినంత మాత్రాన రోజుకు పది నీళ్ల విరేచనాలు కావు. పెద్దవాళ్ల మనసుకు ఊరటగా దిష్టి తీస్తే తీయండి, కాని ఆ పక్కనే ఓఆర్ఎస్ గిన్నె కూడా సిద్ధంగా ఉండాలి. ప్రమాదమంతా "పళ్లు రాగానే తగ్గిపోతుందిలే" అని రెండు రోజులు ఊరుకోవడంలో ఉంది.

బయట ఏమీ తినిపించలేదు, తాగేవి వాటర్ క్యాన్ నీళ్లే. మరి ఎలా వచ్చింది?

తల్లులు ఈ ప్రశ్నను ఎంతో అపరాధభావంతో అడుగుతారు, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను. ఈ వైరస్‌లు కలుషితమైన నీటి ద్వారా వస్తాయన్నది నిజమే. మన నగరంలో రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లను సంపులో, అక్కడి నుంచి పైన ట్యాంకులో నిల్వ చేసుకుంటాం కాబట్టి, ఆ రెండూ శుభ్రంగా లేకపోయినా, నల్లా పైపులోకి మురుగు చేరినా ముప్పే. కాని నీరు ఒక్కటే దారి కాదు. జబ్బు పడిన బిడ్డ మలంలో ఒక గ్రాములోనే వెయ్యి కోట్లకు పైగా రోటావైరస్ కణాలు ఉండవచ్చు, నోరోవైరస్ అయితే ఇరవై లోపు కణాలు నోట్లోకి వెళ్లినా జబ్బు తెస్తుందని అంచనా. డైపర్ మార్చిన చేయి, క్రెష్‌లో పంచుకున్న బొమ్మ, లిఫ్టు మీట, ఫంక్షన్ హాల్లో బిడ్డను ముద్దు చేసిన బంధువు వేలు, ఇవన్నీ దారులే. ఎంతో శుభ్రంగా ఉండే ఇళ్లల్లోని పిల్లలకు కూడా ఇది వస్తుంది. టీకాలు రాకముందు సంపన్న దేశాల్లో కూడా దాదాపు ప్రతి బిడ్డకూ అయిదేళ్లలోపు ఒక్కసారైనా రోటావైరస్ సోకేది. కాబట్టి ఇది మీ పెంపకంలో లోపం కాదు.

## ఇంట్లో చూసుకునేటప్పుడు

ఓఆర్ఎస్ ఇస్తూనే ఉన్నాం, విరేచనాలు మాత్రం ఆగడం లేదు. అది పనిచేయనట్టేనా?

ఓఆర్ఎస్ విరేచనాలను ఆపడానికి ఇచ్చేది కాదు. వాటితో పోయిన నీటిని, లవణాలను తిరిగి ఒంట్లో చేర్చడానికి ఇచ్చేది. ఈ ఒక్క తేడా అర్థమైతే సగం భయం పోతుందని నా అనుభవం.

లోపల జరిగేది ఇది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమల్ నూగులా సన్నని వేళ్లు ఉంటాయి, తిన్నదాన్ని, తాగినదాన్ని పీల్చుకునేవి అవే. వైరస్ ఆ వేళ్ల కొనల్లోని కణాలను దెబ్బతీస్తుంది, దాంతో పీల్చుకోవడం తగ్గి నీరు కిందికి జారిపోతుంది. పేగు కొత్త కణాలను పుట్టించుకుని కొద్ది రోజుల్లో తనంతట తానే బాగుపడుతుంది. ఈలోగా మిగిలిన కణాల్లో ఒక తలుపు తెరిచే ఉంటుంది. గ్లూకోజ్, సోడియం జతగా వస్తే ఆ తలుపు గుండా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరూ వెళుతుంది. ఆ రెంటినీ సరైన పాళ్లలో కలిపిందే ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహాలనాబిస్ బృందం ఈ ద్రావణాన్నే నోటి ద్వారా తాగించి ఎంతోమంది కలరా రోగులను బతికించింది.

కాబట్టి విరేచనాల లెక్క కంటే మూత్రం లెక్క ముఖ్యం. ఎనిమిది విరేచనాలు అయినా బిడ్డ మూత్రం పోస్తూ, కళ్లు తేటగా, ఏడిస్తే కన్నీళ్లు వస్తూ ఉంటే మీరిచ్చే ఓఆర్ఎస్ పనిచేస్తున్నట్టే.

ప్యాకెట్ ఎలా కలపాలి? ఒకేసారి లీటరు వృథా అవుతుందని గ్లాసుకు కొంచెం పొడి వేసి ఇస్తున్నాం.

అలా మాత్రం చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, దాన్ని మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి. ఉప్పు, గ్లూకోజ్ పొడిలో ఎక్కడికక్కడ సమానంగా ఉండవు కాబట్టి చెంచాడు తీసి కలిపితే పాళ్లు తప్పుతాయి. నీరు తక్కువై ద్రావణం చిక్కబడితే రక్తంలో సోడియం పెరిగి బిడ్డకు ఫిట్స్ కూడా రావచ్చు. "బలంగా ఉంటుందని" సగం గ్లాసులో ప్యాకెట్ మొత్తం కలిపి తాగించిన బిడ్డను నేను చూశాను. అప్పటి నుంచి కలిపే పద్ధతిని తల్లి చేత తిరిగి చెప్పించుకోకుండా ఎవరినీ పంపడం లేదు. లీటరు ఎక్కువ అనిపిస్తే 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు మెడికల్ షాపులో అడగండి. కాచి చల్లార్చిన నీరు వాడండి, కలిపాక మళ్లీ కాచకండి, పాలు, చక్కెర చేర్చకండి, 24 గంటలు దాటితే పారబోయండి.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటిన వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. అర్ధరాత్రి ప్యాకెట్ దొరకకపోతే, దొరికేదాకా లీటరు నీటిలో ఆరు తలగొట్టిన టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు.

చెంచా పోసినా కక్కేస్తున్నాడు. ఇంక ఎలా తాగించాలి?

వాంతి కాగానే పది నిమిషాలు ఆగండి. తర్వాత గ్లాసుతో కాకుండా టీ చెంచాతో, రెండు నిమిషాలకు ఒకటి చొప్పున పోయండి. దాహంతో ఉన్న బిడ్డ గడగడా తాగేస్తాడు, పొట్ట ఒక్కసారిగా ఉబ్బి మళ్లీ కక్కుతాడు, మనమేమో "ఏమీ ఇమడటం లేదు" అనుకుంటాం. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. రెండు నిమిషాలకొకటి పోస్తే గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళతాయి, ఏడాది బిడ్డకు అది తక్కువేమీ కాదు. వాంతి అయినా తాగినదంతా బయటికి రాదు. ఓపిక పట్టవలసిన పని ఇది. తల్లి ఒక్కరే రాత్రంతా చేయలేరు, కాబట్టి తండ్రి, నాయనమ్మ వంతులు వేసుకోవాలి. వాంతులు ఆగకపోతే వైద్యులు బరువును బట్టి ఒండాన్‌సెట్రాన్ ఒక్క మోతాదు ఇవ్వవచ్చు, సొంతంగా కొని పోయకండి.

మెడికల్ షాపులో టెట్రా ప్యాక్ ఓఆర్ఎస్ ఇచ్చారు. గ్లూకోజ్ పొడి, కొబ్బరినీళ్లు, కూల్‌డ్రింకు ఇవ్వవచ్చా?

ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఆ సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. ఓఆర్ఎస్ పేరును తగిలించుకుని అమ్ముడైన కొన్ని తీపి పానీయాల్లో చక్కెర దీనికి అనేక రెట్లు ఉండేది. ఆ చక్కెర పేగులోకి మరింత నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్‌కే చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇలాంటి పానీయాల పేర్లలో "ఓఆర్ఎస్" అనే మాట వాడరాదని ఆదేశించింది. కూల్‌డ్రింకు, గ్లూకోజ్ పొడి, పండ్ల రసాల డబ్బాలు కూడా ఇదే కారణంతో పనికిరావు. కొబ్బరినీళ్లు, ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ మధ్యమధ్యలో ఇవ్వవచ్చు గాని, అవి ఓఆర్ఎస్‌కు బదులు కావు.

పాలు ఆపేయాలా? కడుపుకు విశ్రాంతి ఇవ్వమంటున్నారు ఇంట్లో.

తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు, ఇంకా ఎక్కువ సార్లు పట్టాలి. పై పాలు తాగే బిడ్డకు నీళ్లు కలపకుండా ఎప్పటిలాగే ఇవ్వండి. పస్తు పెడితే పేగులో కొత్త కణాలు పుట్టడం ఆలస్యమవుతుంది. వాంతులు సద్దుమణిగిన కొద్ది గంటల్లోనే మెత్తని పెరుగన్నం, పెసరపప్పు కట్టు కలిపిన అన్నం, ఇడ్లీ, అరటిపండు కొద్దికొద్దిగా పెట్టండి. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్లు మాత్రమే మూడు రోజులు ఇస్తే బిడ్డ నీరసించిపోతాడు.

విరేచనాలు కట్టే మందు, యాంటీబయోటిక్ ఏదైనా రాయండి. పోనీ గసగసాలు నూరి పెట్టమంటారా?

వైరస్ మీద యాంటీబయోటిక్ పనిచేయదు, పైగా మంచి బ్యాక్టీరియాను చంపి విరేచనాలను పొడిగించవచ్చు. పెద్దవాళ్లు వాడే లోపెరమైడ్ వంటి బిళ్లలు పసిపిల్లల పేగు కదలికను ఆపేసి పొట్ట ఉబ్బేలా చేస్తాయి, మగత తెస్తాయి. గసగసాలు నల్లమందు మొక్క నుంచి వచ్చేవి, జాజికాయ కూడా మోతాదు మించితే మత్తు తెస్తుంది. మందుతో బిడ్డ నిద్రపోయాడో, నీరు తగ్గి స్పృహ తప్పుతున్నాడో తెలియని పరిస్థితిని మనమే కొనితెచ్చుకోకూడదు.

నిజంగా మేలు చేసే మందు జింక్. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, మొత్తం 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజే ఆగినా 14 రోజులూ పూర్తి చేయాలి. ఓఆర్ఎస్, జింక్ రెండూ ఆశా కార్యకర్త దగ్గర, బస్తీ దవాఖానాలో ఉచితంగా దొరుకుతాయి.

## ఆసుపత్రికి వెళ్లాలా అన్నప్పుడు

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే బయల్దేరాలి?

ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, కళ్లు లోతుకు పోవడం, పసిబిడ్డ మాడు గుంటపడటం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, పొట్ట మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్లడం, ఇవన్నీ ఒంట్లో నీరు తగ్గిందని చెప్పే గుర్తులు. పది కిలోల బిడ్డలో అర లీటరు పోతేనే ఇవి మొదలవుతాయి, లీటరు పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎంత పిలిచినా కళ్లు తెరవకపోవడం, తాగడానికి కూడా శక్తి లేకపోవడం, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి, దారిలో కూడా మింగగలిగితే చెంచాతో పోస్తూ ఉండండి.

వాంతి ఆకుపచ్చగా పసరులా వచ్చినా, పొట్ట బిగిసి ఉబ్బినా, మలంలో రక్తం కనిపించినా అది మామూలు వైరస్ కాకపోవచ్చు. బిడ్డ కాసేపు కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, కాసేపు నిస్త్రాణంగా పడి ఉండి, మళ్లీ ఏడుస్తుంటే పేగులో పేగు చొచ్చుకుపోయిందేమోనని చూడాలి, దానికి గంటలు కూడా విలువైనవే. మూడు నెలలలోపు బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, ఈ లక్షణాలేవీ లేకపోయినా ఆ రోజే చూపించాలి. రాత్రి వేళ కూడా రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రి అత్యవసర విభాగం తెరిచే ఉంటుంది.

సెలైన్ ఎక్కించమంటే డాక్టర్ ఓఆర్ఎస్సే తాగించమంటున్నారు. నిర్లక్ష్యం కాదా?

కాదు. బిడ్డ తాగగలిగినంత కాలం, నోటి ద్వారా ఇచ్చేదే మేలు. కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో తాగించే పద్ధతి ఉంది. పది కిలోల బిడ్డకు 750 మిల్లీలీటర్లన్న మాట. చాలామంది ఆ నాలుగు గంటల్లోనే తేరుకుంటారు. నీరు తీవ్రంగా తగ్గి, మగతగా ఉన్న బిడ్డకు, తాగినదంతా కక్కేస్తున్న బిడ్డకు మాత్రం సెలైన్ తప్పనిసరి.

## తగ్గుముఖం పట్టాక

వారం దాటింది, ఆట పాట బాగానే ఉంది గాని విరేచనం ఇంకా పలచగానే వస్తోంది. ఎందుకు?

పేగు వేళ్ల కొనల మీద పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. వైరస్ ఆ కొనలను చెరిపేయడంతో కొన్ని రోజులు పాలు సరిగా అరగక, పుల్లని వాసనతో నురగ విరేచనాలు అవుతాయి, పిరుదుల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోతుంది. పెరుగు పాలకంటే తేలిగ్గా అరుగుతుంది. ఒరుపు మీద జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాయండి. బిడ్డ హుషారుగా ఉంటే కంగారు వద్దు, 14 రోజులు దాటినా, బరువు తగ్గుతున్నా చూపించండి.

క్రెష్‌కు ఎప్పుడు పంపవచ్చు?

చివరి వాంతి, చివరి విరేచనం అయిన 48 గంటల తర్వాత. ఆ తర్వాత కూడా వైరస్ కొన్నాళ్లు మలంలో వస్తూనే ఉంటుంది కాబట్టి చేతులు కడగడం మానకూడదు.

నాలుగు రోజుల్లో చిక్కి సగమయ్యాడు. మళ్లీ ఎప్పటికి కోలుకుంటాడు?

రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి. అన్నంలో నెయ్యి, పప్పు, తినే ఇంట గుడ్డు చేర్చండి.

## ఇంకొకరికి రాకుండా, మళ్లీ రాకుండా

ఇంట్లో పెద్ద పాప కూడా ఉంది. తనకు అంటకుండా ఏం చేయాలి? శానిటైజర్ చాలదా?

నోరోవైరస్‌ను శానిటైజర్ సరిగా చంపదు. డైపర్ మార్చాక, వంటకు ముందు, తినిపించే ముందు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. వాంతి పడిన చోటును ముందు పాత గుడ్డతో తుడిచి పారేసి, లీటరు నీటిలో 5 శాతం క్లోరిన్ బ్లీచ్ 20 మిల్లీలీటర్లు కలిపి తడిపి అయిదు నిమిషాలు ఉంచండి. బ్లీచ్‌లో బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. బిడ్డ మలం పెద్దవాళ్ల మలం కంటే తక్కువ ప్రమాదమని చాలామంది అనుకుంటారు, ఈ జబ్బులో అది పూర్తిగా తప్పు.

రోటావైరస్ టీకా మూడు మోతాదులూ వేయించాం. అయినా విరేచనాలు వచ్చాయి. టీకా దండగేనా?

టీకా అడ్డుకునేది రోటావైరస్‌ను మాత్రమే, మిగతా వైరస్‌లు యథావిధిగా రావచ్చు. రోటావైరస్ వచ్చినా సెలైన్ దాకా వెళ్లే తీవ్రత రాకుండా చూడటమే టీకా అసలు పని. ఈ విషయంలో మన నగరానికి ప్రత్యేక స్థానం ఉంది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, లక్షణాలేవీ లేని నవజాత శిశువుల నుంచి సేకరించిన 116ఈ అనే రోటావైరస్ రకంతో, శిశువైద్య శాస్త్రవేత్త డాక్టర్ ఎం.కె. భాన్ వంటి వారి కృషి తోడై, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ టీకాను తయారు చేసింది. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను అది మొదటి ఏడాదిలో 56 శాతం తగ్గించినట్టు తేలింది. వందకు వంద కాదు. కాని ప్రతి చలికాలం వార్డుల్లో మంచం దొరకని రోజులు చూసినవారికి ఆ సగం ఎంత పెద్దదో తెలుసు.

ఈ టీకా ఎప్పుడు, ఎక్కడ వేస్తారు? ఆలస్యమైతే?

ఆరు, పది, పద్నాలుగు వారాలకు, నోట్లో వేసే మందుగా ఇస్తారు. 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలై, 2019 నాటికి దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో చేరింది కాబట్టి పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ప్రభుత్వ కార్యక్రమంలో మొదటి మోతాదు ఏడాది నిండే లోపు ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు, ఏడాది దాటితే మొదలుపెట్టరు. టీకా తర్వాత పేగులో పేగు చొచ్చుకుపోవడం చాలా అరుదుగా జరగవచ్చు. మోతాదు వేయించిన వారం రోజుల్లో బిడ్డ ఆగి ఆగి గుక్కపట్టి ఏడ్చినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే తీసుకెళ్లండి.

ఒకసారి వచ్చి తగ్గింది కదా, ఇక మళ్లీ రాదా?

రావచ్చు. రోటావైరస్‌లోనే పలు రకాలున్నాయి, నోరోవైరస్ రకాలు తరచూ మారుతుంటాయి. అయితే మొదటిసారి వచ్చిందే సాధారణంగా అన్నిటికంటే తీవ్రంగా ఉంటుంది, ఆ తర్వాతివి క్రమంగా నెమ్మదిస్తాయి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక జింక్ సీసా గడువు తేదీ చూసి ఎప్పుడూ ఉంచుకోండి, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు వాటిని కూడా సంచిలో పెట్టుకోండి.